ఉల్టా ఘడీ మేస్త్రీ

సూరత్ నవాగామ్‌లో సోమలింగం మేస్త్రీని మెచ్చుకున్న మనిషిని నేనింతవరకు చూడలేదు. ఎదురుగా ఉన్నంతసేపూ మేస్త్రీ, మేస్త్రీ అని చేతులు కట్టుకునేవాళ్లే, ఆయన సందు తిరగ్గానే ‘ఉల్టా ఘడీ’, తలకిందుల గడియారం, అని నవ్వుకునేవాళ్లు. ఆ పేరు పెట్టింది నేనే. పెట్టినందుకు ఒకప్పుడు గర్వపడ్డాను కూడా.

నా పేరు బిక్షపతి. ఆయన కింద ఆరేళ్లు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపాను. ఆ పని పోయాక సెల్‌ఫోన్ల రిపేరు నేర్చుకుని సందు మొదట్లో తలుపంత వెడల్పున్న దుకాణం పెట్టుకున్నాను. రాస్తున్నది ఆయన బతుకు గురించే. నన్ను నేను తప్పించుకుని రాద్దామని రెండు మూడు సార్లు చూశాను కానీ, నేను లేకుండా ఆ కథ చివరిదాకా నడవదు.

సోమలింగానిది సిరిసిల్ల పక్కన ఒక పల్లె. పద్మశాలీల ఇల్లు. పదహారేళ్లప్పుడు మేనమామ వెంట రైలెక్కి సూరత్‌లో దిగాడు. మొదటి రెండేళ్లు నూలు కండెలు చుట్టాడు. పగటి పాళీ వాడు లేచిన చాప మీదే రాత్రి పాళీ వాడు పడుకునే రోజులవి. ఆయనకంటూ సొంతంగా ఒక చాప లేదని మేనమామ చెప్పుకుని నవ్వేవాడట. తర్వాత నాలుగు సాంచాలు నడిపాడు, తర్వాత ఎనిమిది, తర్వాత పన్నెండు. ఆ చప్పుడులో ఇరవై ఏళ్లు పనిచేసినవాడికి చెవులు సగం పోతాయి. అందుకే ఆయన మామూలుగా మాట్లాడినా పోట్లాడుతున్నట్టే ఉండేది. ప్రేమగా కూడా మాట్లాడతాడని ఆయన భార్య భూదేవి చెప్పేది. ఆమె చెప్పింది కాబట్టి నమ్మాలి.

భూదేవక్క నోట్లో నాలుక లేని మనిషి. ఇద్దరు పిల్లలు పుట్టి, ఇద్దరూ ఏడాది నిండకుండా పోయారు. ఆ తర్వాత ఆమె దేవుణ్నీ తిట్టలేదు, మొగుణ్నీ తిట్టలేదు. కార్ఖానా గేటు పక్కనే సేఠ్ ఇచ్చిన గదిలో ఉండేవాళ్లు. మేస్త్రీ గేటు బయటికి నెట్టిన కారీగర్లకు, మాలాంటి పనివాళ్లకు, ఆమె తన గది ముందు కూర్చోబెట్టి చాయ్ పోసేది. మొగుడు కొట్టడం, పెళ్లాం నూనె రాయడం అని మేం నవ్వుకునేవాళ్లం. నవ్వుకుంటూనే తాగేవాళ్లం.

ఆయన్ని రాత్రి పాళీకి మేస్త్రీని చేశాక వచ్చింది ఈ గడియారం గోల. రాత్రి పాళీ సాయంత్రం ఏడింటికి ఎక్కుతుంది, పొద్దున్న ఏడింటికి దిగుతుంది. నడుమ తారీఖు మారిపోతుంది. దిగిన గుడ్డ చుట్ట మీద ఏ తారీఖు రాయాలి? సేఠ్ పద్ధతిలో పాళీ ఎక్కిన తారీఖే రాయాలి. కొత్తవాళ్లు తెల్లవారి తారీఖు రాసి, ఒకడి గుడ్డ ఇంకొకడి పేరున పోయి, రోజూ పంచాయితీ. దీనికి సోమలింగం ఒక ఉపాయం కనిపెట్టాడు. తన ఫోన్ గడియారాన్ని పన్నెండు గంటలు వెనక్కి తిప్పి పెట్టుకున్నాడు. లోకమంతటికీ సాయంత్రం ఏడైతే ఆయన ఫోన్లో పొద్దున్న ఏడు. పాళీ దిగేసరికి ఆయన ఫోన్లో అదే తారీఖు సాయంత్రం ఏడు. పాళీ మొత్తం ఒకే తారీఖులో సర్దుకునేది. ఆ తర్వాత పొరపాటు అన్నది జరగలేదు. మిగతా మేస్త్రీలు కూడా నేర్చుకున్నారు కానీ, ఆయనలా పదిహేనేళ్లు ఎవరూ నడపలేదు.

గేటు కూడా ఆ ఫోన్ చూసే మూయించేవాడు. ఏడంటే ఏడు.

రెండువేల పద్దెనిమిది చలికాలంలో ఊరి నుంచి వచ్చిన మా అవ్వ వెంకటవ్వ బాత్‌రూంలో జారి పడింది. తుంటి దగ్గర ఎముక విరిగింది. ఆస్పత్రిలో చేర్పించి పరుగెత్తుకొచ్చేసరికి ఎనిమిది నిమిషాలు దాటింది. గేటు అవతల ఇరవై మంది కారీగర్లు చూస్తున్నారు. చేతిలో టిఫిన్ డబ్బాతో నేను ఇవతల.

“మీ అవ్వ వడితే నా సాంచాలు ఆగాల్నారా?” అన్నాడు సోమలింగం.

“మేస్త్రీ, నీ కాళ్లు మొక్కుత. ఎనిమిది నిమిషాలే గద.”

“ఎనిమిది నిమిషాలల్ల పన్నెండు సాంచాలు ఎంత నేస్తయో నీకెర్కలేదా? పో. మీ అవ్వ కాడనే కూసో. రేపటి నుంచి గూడ గాడనే కూసో.”

అవతల ఎవడో నవ్వాడు. నా సాంచాలు ఆ పూటే వేరేవాడి చేతికి పోయాయి. భూదేవక్క గది ముందు కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. “ఆయన నోరే గంత తమ్మీ, మనసుల వెట్టుకోకు. అవ్వకెట్లుంది?” అని అడిగింది. అవ్వ గురించి అడిగింది ఆమె ఒక్కతే. చాయ్ తాగాను. మాట మాత్రం మనసులో పెట్టుకున్నాను, రెండున్నరేళ్లు పెట్టుకున్నాను.

మొదటి లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగాయి. సగం నవాగామ్ ఖాళీ అయ్యింది. సోమలింగం దంపతులు కదల్లేదు. ఆ ఏడాది చివర్లో భూదేవక్క కాళ్లు, ముఖం వాచాయి. రెండు కిడ్నీలూ పోయాయన్నారు. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, రక్తం శుద్ధి చేయించుకోకపోతే బతకదన్నారు. ఒక ధర్మసంస్థ వాళ్ల డయాలసిస్ కేంద్రంలో చోటు దొరికింది. దొరకడమే పెద్ద అదృష్టం అప్పట్లో.

జనం గుమిగూడకూడదని ఆ కేంద్రం వాళ్లు ఒక ఏర్పాటు చేశారు. ఎవరు ఏ రోజు, ఏ గంటకు, ఏ మెషిన్ మీదికి రావాలో ఫోన్ క్యాలెండర్‌లో వస్తుంది. గేటు దగ్గర వాచ్‌మన్‌కు అది చూపిస్తేనే లోపలికి. రుచిత అనే అమ్మాయి అక్కడ కంప్యూటర్ చూసేది. రోగుల ఫోన్లన్నిటిలో అకౌంట్లు తెరిచి, క్యాలెండర్ కలిపి ఇచ్చింది. భూదేవక్కకు ఫోన్ లేదు కాబట్టి ఆమెది సోమలింగం ఫోన్లోనే కలిపింది. అప్పుడు సోమలింగం పగటి పాళీలో ఉన్నాడు, ఫోన్ గడియారం అందరిలాగే సక్రమంగా ఉంది. మూడు నెలలు అంతా బాగానే నడిచింది.

హోలీ వెళ్లాక కరోనా రెండో అల వచ్చింది. మళ్లీ జనం ఊళ్లకు పోయారు. రాత్రి పాళీకి మేస్త్రీ లేడని సేఠ్ సోమలింగాన్ని మళ్లీ రాత్రికి వేశాడు. ఆయన మొదటి రోజే, అలవాటు ప్రకారం, గడియారాన్ని పన్నెండు గంటలు వెనక్కి తిప్పుకున్నాడు. ఫోన్ టైము తప్పుగా ఉంటే అవతలి కంప్యూటర్లు దాన్ని నమ్మవు, లోపలికి రానివ్వవు. ఆ రోజు నుంచి క్యాలెండర్‌కు కొత్త సమాచారం రావడం ఆగిపోయింది. పాత మంగళ, శుక్రవారాలే కనబడుతూ ఉన్నాయి. రెండు మూడు వారాలు కేంద్రం వాళ్లూ రోజులు మార్చలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

ఏప్రిల్ మూడో వారంలో కొవిడ్ వచ్చిన కిడ్నీ రోగులకు వేరే గంటలు ఇవ్వాల్సి వచ్చి, పాతవాళ్లందరి రోజులూ మార్చారు. మంగళవారం పది గంటలకు సోమలింగం భూదేవక్కను ఆటోలో తీసుకెళ్లాడు. వాచ్‌మన్ చేతిలో కాగితం ఉంది.

“భూదేవీ? నిన్న సోమవారం రావాల్సింది చాచా. రాలేదు.”

సోమలింగం ఫోన్ చూపించాడు. వాచ్‌మన్ తల అడ్డంగా ఊపాడు. మళ్లీ ఎప్పుడని అడిగితే, “ఫోన్ మే ఆయేగా చాచా” అన్నాడు, ఫోన్లోనే వస్తుందని. లోపలి నంబరుకు చేస్తే ఎవరూ ఎత్తలేదు. రుచితకు కొవిడ్ వచ్చి ఇంటి దగ్గరే ఉంది. జ్వరంలోనే లాప్‌టాప్ ముందు కూర్చుని అందరి గంటలూ మారుస్తోంది, మార్చిందల్లా అందరి ఫోన్లకూ చేరుతోందని అనుకుంటోంది. మిగతా ఆస్పత్రుల గేట్ల దగ్గర ఆ రోజుల్లో ఎలా ఉండేదో సూరత్‌లో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఆ మధ్యాహ్నమే ఆయన నా దుకాణం ముందుకొచ్చాడు. రెండున్నరేళ్ల తర్వాత మొదటిసారి. మాస్కు గడ్డం కిందికి జారి ఉంది.

“బిక్షపతీ, తమ్మీ, జర గీ ఫోన్ జూడు. క్యాలెండర్ల కొత్తయి వస్తలేవు. మీ వదినెకు మిషిన్ తప్పిపోయింది.”

తమ్మీ! నా చెవులు చల్లబడ్డాయి. ఫోన్ తీసుకున్నాను. మధ్యాహ్నం రెండు గంటలు. ఫోన్ మీద తెల్లవారుజాము రెండు గంటలు అని ఉంది. ఇంకేం చూడాలి? ఉల్టా ఘడీ! ఆ పేరు పెట్టినవాణ్నే నేను. సెట్టింగ్స్‌లోకి వెళ్లి టైము దానంతటదే సరిచేసుకునే మీట నొక్కితే అర నిమిషంలో ముగిసే పని.

నాకు సంతోషమేసింది. దాచుకోను. కడుపు నిండా అన్నం తిన్నంత సంతోషమేసింది. సెట్టింగ్స్‌లోకి వెళ్లాను, అటూ ఇటూ నాలుగు తెరిచి మూశాను, సిమ్ తీసి చొక్కాకు తుడిచి మళ్లీ పెట్టాను.

“సాఫ్ట్‌వేర్ల తేడా ఉన్నట్టుంది మేస్త్రీ. టైం వడ్తది. రేపు రా.”

“రేపు ఎన్నింటికి?”

“పదింటికి. ఎనిమిది నిమిషాలు లేటైతే మాత్రం నేను జూడ.”

ఆయన నా కళ్లల్లోకి చూశాడు. గేటు దగ్గరి ఆ ఎనిమిది నిమిషాలు గుర్తొచ్చాయి ఆయనకు. తల వంచుకుని “సరే తమ్మీ” అన్నాడు.

సాయంత్రం ఇంటికి వెళ్లి నా భార్య మంగకు చెప్పి నవ్వాను. మంగ రొట్టెలు చేస్తోంది. నవ్వలేదు. “నీకూ ఆయనకూ ఉంటే ఆయనతోటి చూస్కో. నడుమ ఆమె ఏం జేసింది?” అంది. “ఒక్క రోజుకు సావదు తియ్” అన్నాను. అన్నానండీ. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

బుధవారం ఆయన రాత్రంతా పాళీ చేసి, పొద్దున్నే కేంద్రం గేటు దగ్గర ఎండలో కూర్చుని, ఎవరూ పలకక, తొమ్మిదీ నలభైకే నా దుకాణం ముందుకొచ్చి నిలబడ్డాడు. ఎదురుగా పాన్ డబ్బా దగ్గర చాయ్ తాగుతూ నేను చూస్తూనే ఉన్నాను. పదిన్నరకు తీరిగ్గా వెళ్లి షట్టర్ ఎత్తాను. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారే, ఆ పిల్లికి ఎంత సుఖంగా ఉంటుందో నాకా రోజు తెలిసింది. ఫోన్‌ను ఛార్జింగ్‌కు పెట్టి, ముందు వేరేవాళ్ల స్క్రీన్లు మార్చాను. ఆయన గంటన్నర నిలబడ్డాడు. కూర్చోమని స్టూలు చూపించలేదు. కళ్లు మూతలు పడుతుంటే షట్టర్ పట్టుకుని నిలదొక్కుకుంటున్నాడు.

“అవుతలేదు. కంపెనీ వాళ్లకు రాసిన. రేపు జెప్తరు” అన్నాను. ఏ కంపెనీ? ఎవరికి రాశాను? ఆయన అవేవీ అడగలేదు. రెండు చేతులతో ఫోన్ అందుకున్నాడు.

గురువారం వచ్చినప్పుడు ఆయన గొంతు మారింది. భూదేవక్కకు ఊపిరి అందడం లేదట, పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చుంటోందట. నేను ఫోన్ తిప్పుతుంటే చాలాసేపు చూసి, నెమ్మదిగా అడిగాడు.

“తమ్మీ, నేను గడియారం ఉల్టా వెడ్త గద. దానివల్ల గిట్ల ఏమన్న అయితాందా?”

ఇంతకంటే దారి ఎవడు చూపిస్తాడు? అవును మేస్త్రీ అంటే సరిపోయేది. జవాబు ఆయన తన నోటితోనే చెబుతున్నాడు. కానీ అవునంటే మూడు రోజులుగా నాకు తెలుసని బయటపడుతుంది. అప్పటికి నా పగ కంటే నా పరువు నాకు ఎక్కువైంది.

“గడియారానికీ క్యాలెండర్‌కూ ఏం సంబంధం మేస్త్రీ? గది వేరు, గిది వేరు” అన్నాను.

“గంతే గదా” అన్నాడు. నిశ్చింతగా తల ఊపాడు. చదువుకున్నవాడు చెప్పాడు కదా!

శుక్రవారం ఫోన్లో పాత లెక్క ప్రకారం పది గంటలు కనబడుతోంది కాబట్టి, ఏమైనా కానీ అని ఆమెను ఆటోలో ఎక్కించుకుపోయాడు. వాచ్‌మన్ కాగితంలో ఆ రోజు ఆమె పేరు లేదు. గేటు ముందు గంటలు గంటలు బతిమాలి, మధ్యాహ్నం మూడింటికి అదే ఆటోలో నా దుకాణం ముందు ఆగారు. నేను వెళ్లి ఆటోలోకి తొంగి చూశాను. ఆమెను గుర్తుపట్టడానికి నాకు కొంచెంసేపు పట్టింది. కళ్లు వాపులో మూసుకుపోయాయి. ఇనుప కడ్డీని రెండు చేతులతో పట్టుకుని, ఒక్కో ఊపిరీ లాగి లాగి తీస్తోంది.

“బిక్షపతా?” అంది. “అవ్వ మంచిగున్నదా?”

“ఉన్నదక్కా. ఊళ్లె ఉన్నది.”

“జర చూడు తమ్మీ. ఆయనకు గీ ఫోన్లు తెల్వయి.”

నాలో ఏదో తెగింది. పరువు లేదు, పగ లేదు. ఫోన్ లాక్కుని దుకాణంలోకి పరుగెత్తాను. సెట్టింగ్స్ తెరిచాను, తారీఖు, సమయం అన్న చోటికి వెళ్లాను. మీట నా బొటనవేలి కిందే ఉంది. సరిగ్గా అప్పుడు సోమలింగం ఆటో దగ్గర నుంచి అరిచాడు.

“అరేయ్ జల్ది చెయ్యిరా! నాలుగొద్దుల సంది తిప్పుకుంటానవ్. చేతనైతదా కాదా? ఏడింటికి నాకు పాళీ ఉన్నది!”

పాన్ డబ్బా దగ్గర ఉన్నవాళ్లు తిరిగి చూశారు. ఒకడు నవ్వాడు కూడా. ఆయన భయంతో అరిచాడు, పెళ్లాం చచ్చిపోతుంటే ఏ మగాడైనా అలాగే అరుస్తాడు. ఈ సంగతి ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు వినబడింది మాత్రం గేటు అవతలి గొంతు. వేలు తీసేశాను. సెట్టింగ్స్ మూసి, బయటికొచ్చి, ఫోన్ ఆయన చేతిలో పెట్టాను.

“చేతనైతలేదు మేస్త్రీ. రేపు రా.”

ఆటో వెళ్లిపోయింది.

శనివారం పొద్దున్న తొమ్మిదింటికే దుకాణం తెరిచాను. ఆ రోజు ఎలాగైనా చేసేద్దామనుకున్నాను. ఒట్టు పెట్టి చెప్పమంటే చెబుతాను కానీ, నా ఒట్టుకు విలువేముంది? పది అయింది, పదకొండు అయింది. ఆయన రాలేదు. వాళ్ల గది ఏడు నిమిషాల నడక. నేను లేచి వెళ్లలేదు. వస్తే చేద్దాం అనుకుంటూ కూర్చున్నాను. పన్నెండున్నరకు మంగ వచ్చి షట్టర్ దగ్గర నిలబడింది.

“సచ్చిపోయింది. సంబురమైందా?” అంది. లోపలికి రాకుండానే తిరిగి వెళ్లిపోయింది.

గోడకు ఆనుకుని కూర్చున్నది అలాగే పక్కకు ఒరిగిందని పొరుగింటి నర్సవ్వ చెప్పింది. శ్మశానం దగ్గర వరస పొడుగ్గా ఉండటంతో సాయంత్రం దాకా ఆగాల్సి వచ్చింది. పదిమంది కూడా లేరు. నేను పాడె ఒక కొమ్ము మోశాను.

మైలలో పాళీకి పోకూడదు. పాళీ లేనివాడికి ఉల్టా గడియారం ఎందుకని సోమలింగం మూడో రోజున ఫోన్ టైము మామూలుగా పెట్టుకున్నాడు. పెట్టగానే ఫోన్ మోగడం మొదలైంది. ఒకదాని మీద ఒకటి, ఆగకుండా. అవి ఇంగ్లీషులో ఉన్నాయి, ఆయనకు రాదు. పట్టుకుని నా దగ్గరికే వచ్చాడు. మైల మనిషినని మెట్టు కింద దూరంగా నిలబడి ఫోన్ బల్ల మీదికి జరిపాడు.

“ఏమని ఉన్నదో సదువు తమ్మీ.”

చదివాను. అబద్ధం చెప్పడానికి కూడా బుర్ర పనిచేయలేదు. భూదేవి, సోమవారం మధ్యాహ్నం రెండు గంటలు, మెషిన్ నాలుగు. భూదేవి, గురువారం పొద్దున్న ఆరు గంటలు, మెషిన్ నాలుగు. శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు రుచిత రాసిన మాట ఇంకొకటి ఉంది: ‘రెండుసార్లు రాలేదు, ఆందోళనగా ఉంది. మీ కోసం ప్రత్యేకంగా ఒక గంట ఖాళీ చేయించాను. రేపు శనివారం పొద్దున్న ఎనిమిదింటికి తప్పకుండా రండి.’

ఆటో నా దుకాణం ముందు ఆగింది శుక్రవారం మూడింటికి. అప్పటికే ఆ మాట వచ్చి ఉంది. మీట నొక్కి ఉంటే నా చేతుల్లోనే మోగేది.

సోమలింగం మెట్టు మీద కూలబడ్డాడు. “గడియారం తిప్పంగనే వచ్చినయ్ తమ్మీ” అన్నాడు. “గడియారమే. నా సేతులతోటి నేనే సంపుకున్న.”

నేను బల్ల మీది స్క్రూడ్రైవర్లు సర్దాను.

“నేను నిన్నడిగిన గూడ. నువ్వు సంబంధం లేదంటివి.” ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. ఆ కళ్లలో కోపం కోసం వెతికాను. కోపమైనా ఉంటే బాగుండును. “నీకు మాత్రం ఏమెర్క పాపం. ఎర్కుంటే జెప్పకపోదువా?”

“జెప్పకపోదునా మేస్త్రీ” అన్నాను.

పదకొండో రోజుకు దుకాణాలు కూడా మూయించారు. కార్ఖానా మేడ మీద పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి విస్తరిలో పెడితే పిట్ట వచ్చి ముట్టాలి, అప్పుడే మిగతావాళ్లు తినాలి. ముట్టకపోతే వాళ్లకేదో మనసులో మిగిలిపోయినట్టు. దొడ్డన్నం, చేపల కూర, పచ్చిపులుసు పెట్టారు. పన్నెండు దాటినా ఒక్క కాకి వాలలేదు. ఒక్కొక్కరే ముందుకెళ్లి మొక్కారు. సోమలింగం మొక్కాడు, ఇంకెప్పుడూ గడియారం తిప్పనని ఏడ్చాడు. వాలలేదు. అప్పుడాయన నన్ను పిలిచాడు.

“నువ్వు గూడ మొక్కు తమ్మీ. ఆఖరి రోజు ఆమె నిన్నే గద అడిగింది.”

వెళ్లాను. చేతులు జోడించాను. ఏమని మొక్కాలో తెలియక ఊరికే నిలబడ్డాను. నీళ్ల ట్యాంకు మీది నుంచి ఒక కాకి దిగి, చేప ముక్క నోట కరుచుకుని పోయింది.

అందరూ అమ్మయ్య అన్నారు. సోమలింగం నన్ను కౌగిలించుకుని భోరున ఏడ్చాడు. “నీ కోసమే ఆగింది తమ్మీ” అన్నాడు. అక్కడున్నవాళ్లందరికీ చెప్పాడు: “దుకాణంల పని ఇడిసిపెట్టి నాలుగొద్దులు నా ఫోన్ వట్టుకున్నడు. ముందుగాల ఈయనకు పెట్టుండ్రి.”

వరసలో మొదటి విస్తరి నాకే వేశారు. వడ్డించేది మంగ. అన్నం గిన్నెతో నా ముందుకొచ్చి ఆగింది, నా ముఖంలోకి చూడలేదు, నా విస్తరి దాటి పక్కాయనకు వడ్డించింది.

“ఏయ్ బిడ్డా, ముందుగాల ఆయనకు పెట్టుమంటే!” అని సోమలింగం ఆమె చేతిలోంచి గిన్నె గుంజుకున్నాడు. నా ముందు గొంతుక్కూర్చుని తన చేత్తో అన్నం పెట్టాడు. చేపల కూర వేశాడు. ముళ్లు లేని ముక్క ఏరి వేశాడు.

“తిను తమ్మీ” అన్నాడు.

తిన్నాను. ఇంకొంచెం వెయ్యమంటావా అని అడిగితే, వెయ్యమన్నాను.